స్క్రైబ్ గది గడియారం

సార్ పోయిన ఇరవై రోజులకు గానీ నేను బోధన్‌లో వాళ్లింటికి వెళ్లలేకపోయాను. మోర్తాడ్ వైపు బదిలీ అయి రెండేళ్లయింది, దూరమని చెప్పుకోవచ్చు. నిజానికి బద్ధకం. ఆలస్యంగా పరామర్శకు వెళ్లేవాళ్లకు ఏం మాట్లాడాలో తెలియదు, నాకూ తెలియలేదు. ఫలానా ఆదివారమే రమ్మని ఫోన్లో ఆయన భార్యే చెప్పింది. వెళ్లాను. ఆమె చాయ్ ఇచ్చి, లోపలికి వెళ్లి, తువ్వాలులో చుట్టిన వస్తువొకటి తెచ్చి నా పక్కన పెట్టింది.

"గిది మీ పాత బడిల ఇయ్యి బేటా. మార్చిల పనికొస్తది. ఇంట్ల నాకేం పని దీనితోని?"

తువ్వాలు విప్పకుండానే తెలిసిపోయింది. కీ ఇచ్చే బల్ల గడియారం అది. ఆకుపచ్చ రేకు డబ్బా, పెద్ద అంకెలు. టిక్కు టిక్కుమని గదంతా వినిపిస్తుంది. ఏటా పదో తరగతి పరీక్షలప్పుడు ఆయన దాన్ని సంచిలో పెట్టుకుని సైకిల్ మీద వచ్చేవారు.

సార్ తెలుగు పండితుడు. ఇంట్లో ఉర్దూ, తరగతిలో నిఘంటువు తెలుగు, స్టాఫ్‌రూంలో బోధన్ భాష. మూడింటినీ ఎక్కడివక్కడ పెట్టుకునేవారు. పిల్లలు వెనకాల పెట్టుకున్న పేరు 'రూల్ సార్'. ఎదురుగా అన్నా ఆయన ఏమీ అనుకునేవారు కాదేమో, నిజమే కాబట్టి. పరీక్షల సర్క్యులర్లన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, ఎర్ర పెన్నుతో గీతలు కొట్టుకుని, మార్చి నెలంతా చంకలో పెట్టుకుని తిరిగేవారు. ఆ నెలలో బడిలో చాయ్ కూడా తాగేవారు కాదు. పరీక్ష మధ్యలో బయటికి వెళ్లాల్సి వస్తుందని భయం.

స్క్రైబ్ గది డ్యూటీ ఎప్పుడూ ఆయనకే పడేది. చూపు లేనివాళ్లకు, చేతులు సరిగా పనిచేయని వాళ్లకు వేరే గది ఇస్తారు. వాళ్లు చెబుతుంటే కింది తరగతి విద్యార్థి ఒకరు రాసిపెడతారు, ఆ రాసేవాళ్లే స్క్రైబ్. అందరికీ మూడు గంటలైతే వీళ్లకు నాలుగు. అంటే గదిలో కూర్చున్న టీచరుకు కూడా ఓ గంట ఎక్కువ, అన్నం ఓ గంట ఆలస్యం. అందుకని మా వాళ్లంతా ఆ డ్యూటీ పేరెత్తగానే తలనొప్పి తెచ్చుకునేవాళ్లు. ఆయన మాత్రం వాకిట్లో చెప్పులు విడిచి లోపలికి వెళ్లేవారు. చెప్పుల చప్పుడుకు చెప్పేవాళ్ల మాట చెదురుతుందట. గడియారాన్ని పరీక్ష రాసేవాళ్లకు ఎదురుగా బల్ల మీద పెట్టి, కీ ఇచ్చి, బడి గంటతో సరిచూసేవారు. ఇంకో అలవాటు కూడా ఉండేది. స్క్రైబును 'నువ్వు' అనేవారు, పరీక్ష రాసే విద్యార్థిని 'మీరు' అనేవారు. పదిహేనేళ్ల పిల్లాణ్ని అయినా సరే. "రాసేది ఆయన గద" అనేవారు అడిగితే.

నేను మొదటిసారి ఆ గదిలో ఆయనతో కూర్చున్నప్పుడు చూపు లేని అబ్బాయి ఒకడు భౌతికశాస్త్రం రాస్తున్నాడు. దూరపు చూపు సరిగా లేనివాళ్లకు ఏ కటకం వాడాలి అని ఒక మార్కు ప్రశ్న. ఆ ప్రశ్న ఆ పిల్లాణ్ని అడగడంలోని అన్యాయం సంగతి అలా ఉంచితే, వాడు కుంభాకార కటకం అన్నాడు. తప్పు. స్క్రైబుగా వచ్చిన తొమ్మిదో తరగతి అమ్మాయి చురుకైనది, పుటాకార అని రాసింది. ఒప్పు. నేను పక్క నుంచి చూసి మనసులో మెచ్చుకున్నాను కూడా. సార్ వచ్చి ఆమె వెనక నిలబడ్డారు.

"ఆయన చెప్పిందేంది, నువ్వు రాసిందేంది?"

ఆ పిల్ల బిక్కచచ్చిపోయింది.

"కొట్టెయ్యి. ఆయన చెప్పింది రాయి."

కొట్టేయించి తప్పు రాయించారు. ఆ పిల్ల కళ్ల నీళ్లు పెట్టుకుంది. నాకు ఒళ్లు మండింది. పరీక్ష అయ్యాక వరండాలో అడిగేశాను, ఒక్క మార్కు సార్, ఆ ఒక్కటి కూడా పోనివ్వరా అని. ఆయన చెప్పులు వేసుకుంటూ అన్నారు.

"ఆయన తప్పు ఆయనది మేడం. కండ్లు లేవని తప్పు గూడ గుంజుకుంటమా?"

ఆ ఏడాదంతా ఆయన గుండె లేని మనిషని నేను నలుగురితో అన్నాను. ఆయనకు తెలిసే ఉంటుంది. నాతో మాట్లాడటం మాత్రం మానలేదు. స్టాఫ్‌రూంలో ఎవరైనా ఆ పిల్లల గురించి 'పాపం' అంటే, "గ మాట గేటు బయట పెట్టి రండ్రి" అనేవారు. 'వాళ్లకు పాస్ మార్కులు తక్కువ, గంట ఎక్కువ, ఒక భాష మాఫీ, ఇంకేం కావాలె' అని ఎవరైనా అంటే దానికీ ఊరుకునేవారు కాదు. కవర్ తీసి, ఏ రాయితీ ఎవరికి ఎందుకో లైను లైనుగా చదివి వినిపించేవారు. అన్నవాళ్లు విసుగొచ్చి లేచిపోయేవాళ్లు. ఆయన మిగతాది కూడా చదివి కవర్ మూసేవారు.

లావణ్య పదో తరగతికి వచ్చిన ఏడు ఆయనకు పని ఎక్కువైంది. ఆ అమ్మాయి మా బడి కాదు, రోడ్డు అవతలి బాలికల బడి. వాళ్లకు పరీక్ష కేంద్రం మాత్రం మా బడే. పుట్టుకతోనే చేతులు, మెడ చెప్పినమాట వినవు. మాట ఉంది కానీ ఒక్కో ముక్కా గొంతులో చాలాసేపు తిరిగి బయటికొచ్చేది. తెలివికి మాత్రం లోటు లేదు. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరుకు మానేసి వరికి మారిన రైతు ఇల్లు వాళ్లది. తల్లి రోజూ ఆటోలో తెచ్చి దింపేది. స్క్రైబ్ సంగతి అడగడానికి ఆమె పిల్లలిద్దరినీ తీసుకుని సార్ దగ్గరికి వచ్చినప్పుడు నేనక్కడే ఉన్నాను.

"మా చిన్నది తొమ్మిది సదువుతుంది సార్. గదే రాస్తది. అక్క నోరు తెరిస్తెనే దానికి ఎరుకైతది."

అంతకంటే మంచి ఏర్పాటు ఏముంటుంది? నేనూ అదే అన్నాను. సార్ లావణ్య వైపు తిరిగారు.

"మీరు చెప్పుండ్రి."

చెప్పడానికి చాలాసేపు పట్టింది. ఆయన తల వంచి, కళ్లు నేల మీద పెట్టి వింటూ నిలబడ్డారు. ఎవరి మాటకైనా ఆయన వినే పద్ధతి అదే. ఎదుటివాళ్ల నోటి వైపు చూస్తే వాళ్లు తొందరపడతారని ఆయన నమ్మకం.

"చెల్లె... వద్దు. నేను... చెప్పకముందే... చెప్తది."

తల్లి ముఖం చిన్నబోయింది. చెల్లెలు శిరీష తల దించుకుంది. పదేళ్లుగా అక్కకు నోరుగా ఉన్న పిల్ల అది. ఆ క్షణంలో నాకు దాని మీదే జాలేసింది.

"రేపు పాసయినంక ఊర్ల ఏమంటరమ్మా? చెల్లె రాసింది, అక్క పాసయింది అంటరు. ఆమెకు గా మాట వద్దు," అన్నారు సార్ తల్లితో. "పాస్ ఆమెది గావాలె."

వాళ్లు వెళ్లాక నాతో, "నిజం చెప్తున్న మేడం, చెల్లె రాయొద్దని రూల్‌ల ఏడ లేదు" అన్నారు. రూల్లో లేని మాట ఆయన నోట రావడం నేను వినడం అదే మొదలు.

అదే బడిలో తొమ్మిదో తరగతి చదివే దర్జీ కూతురు నాజ్నీన్‌ను ఆయన ఎంచుకున్నారు. దసరా సెలవులు అయిపోయినప్పటి నుంచి మార్చి దాకా రోజూ అన్నం గంటలో ఆయన రోడ్డు దాటి బాలికల బడి వరండాకు వెళ్లేవారు. తర్ఫీదు విచిత్రంగా ఉండేది. పాఠాలు కాదు. ఆ రోజు లావణ్య డబ్బాలో ఏం కూర ఉందో లావణ్య చెప్పాలి, నాజ్నీన్ రాయాలి. ఆ తర్వాత సార్ కాగితం ఒక చేత్తో పట్టుకుని డబ్బా మూత తీసేవారు. కాగితం మీద వంకాయ ఉండి డబ్బాలో బెండకాయ ఉంటే మళ్లీ మొదటి నుంచి. అర్థం కాకపోతే అర్థమైనట్టు తల ఊపకూడదు, మళ్లీ చెప్పమనాలి. పదిసార్లయినా అడగాలి. అడగడానికి నాజ్నీన్, చెప్పడానికి లావణ్య సిగ్గుపడటం మానేసేసరికి సంక్రాంతి సెలవులు వచ్చాయి.

"ఏది చెప్తె అది రాయి. ఏరుకోకు. కలపకు. తియ్యకు," అని ఆ పిల్లకు రోజూ చెప్పేవారు. ఈ మాట తర్వాత మా మెడకు చుట్టుకుంది.

ఆ రోజుల్లోనే ఆయన ఆకుపచ్చ గడియారం ముందు పెట్టి లావణ్య మాట వేగం చూశారు. ఒక్కో వాక్యానికి రెండు నిమిషాలు. పేపరంతా రాయాలంటే నాలుగు గంటలు కాదు, ఆరు కావాలి. గంట ఎక్కువ ఇవ్వడమన్నది అందరినీ ఒకే గాటన కట్టి ఇచ్చిన గంట. చేతులు లేనివాళ్లకూ అదే, మాట రానివాళ్లకూ అదే. ఆయన జిల్లా కార్యాలయానికి దరఖాస్తు రాశారు. నిబంధనల్లో అటువంటి వెసులుబాటు లేదని రెండు లైన్ల జవాబొచ్చింది. దాన్ని కూడా మిగతా సర్క్యులర్ల పక్కనే, అంతే మర్యాదగా కవర్లో పెట్టుకున్నారు.

"ఇచ్చింది గంట. గంటల్నే రాయాలె," అని పేపర్లు ముందేసుకుని ఏ ప్రశ్నలు రాయాలో, ఏవి వదిలేయాలో లావణ్యతో కలిసి లెక్క వేశారు. ఒక్క నిమిషం కూడా మిగలని లెక్క అది.

పరీక్షలు దగ్గరికొచ్చాక ఆయనే మా చీఫ్ సూపరింటెండెంట్ దగ్గరికి వెళ్లి, ఆ ఇద్దరికీ తర్ఫీదు ఇచ్చింది నేనే, ఆ గదిలో నన్ను వేయొద్దు అన్నారు. వేరేవాళ్లు దొరకరని చీఫ్ అన్నాడు. "అట్లయితే నా మీద కాపలా ఇంకొకరిని పెట్టుండ్రి" అన్నారు. ఆ కాపలా నేను. ఎవరి సబ్జెక్టు పరీక్షకు వాళ్లను వేయరు, నేను చెప్పేది జీవశాస్త్రం కాబట్టి సాంఘికశాస్త్రం రోజు నన్ను వేశారు.

ఆ రోజు బాగానే మొదలైంది. వలసల మీద ప్రశ్న వచ్చింది. లావణ్య పాఠంలో ఉన్నదే కాక తను చూసింది కూడా చెప్పింది. తమ పొలంలో చెరుకు ఉన్న రోజుల్లో నాందేడ్ వైపు నుంచి వచ్చి గట్టు మీద గుడిసెలు వేసుకునే కోత కూలీల గురించి. నాజ్నీన్ వంచిన తల ఎత్తకుండా రాసింది. రాసింది చదివి వినిపించాలి, లావణ్య ఊ అనాలి, అప్పుడు తర్వాతి జవాబు. ఒంటిగంట దాటుతుండగా కాపీలు పట్టే తనిఖీ స్క్వాడ్ వచ్చింది. ముందు వచ్చిన అధికారి పేపరు తీసుకుని ఓ పుట దగ్గర ఆగిపోయి గట్టిగా చదివాడు.

"చెరుకు కోసే వాళ్లు పిల్లలను వెంట తెచ్చుకుంటారు. ఆగు. మెడ పట్టేసింది. దిండు జరుపు. అందువలన పిల్లల చదువు మధ్యలో ఆగిపోతుంది." ఆయన తలెత్తాడు. "ఏంది ఇది?"

నాకు నవ్వొచ్చింది, వెంటనే భయమేసింది. ఏది చెప్తే అది రాయమన్నాం, ఆ పిల్ల రాసింది. తర్ఫీదు అంత బాగా ఒంటబట్టింది. చదివి వినిపించినప్పుడు లావణ్య కూడా ఊ అనేసినట్టుంది.

"పేపర్ దిద్దేటోళ్లకు జాలి పుట్టాలని రాసినట్టున్నరు. మాల్‌ప్రాక్టీస్ కింద బుక్ చెయ్యొచ్చు," అన్నాడాయన.

బుక్ చేస్తే ఈ ఒక్క పేపరే కాదు, ఆ ఏడాది మొత్తం పోతుంది. నాజ్నీన్ పెన్ను కింద పెట్టేసింది. సార్ కవర్ విప్పారు.

"చెప్పింది చెప్పినట్టు రాయాలని ఉన్నది సార్, సూడుండ్రి. ఏది జవాబు, ఏది గాదు అని ఏరే హక్కు రాసేటామెకు లేదు. గట్ల నేర్పింది నేనే. తప్పుంటె నాది."

అధికారి చదివాడు. మళ్లీ చదివాడు. "సరే, గ లైన్లు కొట్టేయమనుండ్రి."

"నేను అనరాదు సార్. ఆమె అనాలె."

అందరం లావణ్య వైపు చూశాం. కంగారుకు ఆమె మాట ఇంకా బిగుసుకుపోయింది. మెడ పక్కకు లాగేసింది. అధికారి ముందుకు వంగి, ఏమంటోందని నన్ను అడిగాడు. నాకు అర్థమవుతూనే ఉంది, చెప్పబోయాను.

"మేడం," అన్నారు సార్. నేను నోరు మూసుకున్నాను. "ఆమెనే చెప్తది. జర ఆగుండ్రి."

ఆగాం.

"కొట్టెయ్యి," అంది లావణ్య నాజ్నీన్‌తో. "మెడ పట్టింది... నిజమే. గని... జవాబు గాదు."

అధికారి పేపరు నాజ్నీన్ ముందు పెట్టేశాడు. తమ రిజిస్టర్‌లో సంతకం కావాలంటే నేను వాళ్లతో వరండాలోకి వెళ్లి పెట్టి వచ్చాను. వచ్చేసరికి లావణ్య ఆఖరి జవాబు చెబుతోంది. సార్ కిటికీ దగ్గర, మాకు వీపు పెట్టి నిలబడి ఉన్నారు.

ఒకటిన్నరకు అటెండర్ వచ్చాడు. "సార్, టైమైంది. చీఫ్ సార్ పేపర్ల బండిల్ సీల్ చెయ్యాలంటున్నడు."

సార్ గడియారం చూపించారు. ఒంటిగంటా పదిహేడు. నా చేతి గడియారంలో ఒకటిన్నర. స్క్వాడ్ వాళ్లు మా గదిలో ఉన్నది పదమూడు నిమిషాలు.

"గీ గదికి గీ గడియారమే," అన్నారాయన అటు తిరగకుండానే.

లావణ్య ఆ జవాబు పూర్తి చేసింది. నాజ్నీన్ చదివింది, లావణ్య ఊ అంది. బండిల్ ఆలస్యమైనందుకు చీఫ్ సంజాయిషీ అడిగాడు. సార్ తన ముత్యాల్లాంటి అక్షరాలతో మూడు ముక్కలు రాసిచ్చారు: గడియారం పాతది. నెమ్మదిగా నడుస్తుంది. బాధ్యత నాదే.

లావణ్య పాసైంది. ఆ పదమూడు నిమిషాల్లో రాసిన జవాబే గట్టెక్కించిందో, అది లేకున్నా గట్టెక్కేదో నాకు తెలియదు. పొద్దున ఆ గడియారం బడి గంటతో సరిపోవడం మాత్రం నా కళ్లతో చూశాను. ఆయనను అడగలేదు. ఆయన చెప్పలేదు. ఆ తర్వాత రెండు మార్చిలు కలిసి పనిచేశాం. రెండుసార్లూ స్క్రైబ్ గది బండిల్ కాస్త ఆలస్యంగానే వచ్చేది, పాత గడియారం కదా అని అందరూ అలవాటు పడిపోయారు. నాకూ ఆ అనుమానం మెల్లగా సద్దుమణిగింది. నిజంగానే పాతదేమో అనుకున్నాను.

ఇదంతా చాయ్ చల్లారేదాకా తలుచుకుని, ఊరికే ఏదో ఒకటి అనాలని అన్నాను. "ఈ గడియారం మొదటి నుంచీ వెనకపడేదా అమ్మా?"

ఆమె నవ్వింది. వచ్చినప్పటి నుంచి నవ్వడం అదే మొదలు.

"యాడిది బేటా! మా పెండ్లప్పటిది. ఒక్క నిమిషం ఇటు గాలే, అటు గాలే. గా పిల్ల పరీక్ష దినం వచ్చి అన్నం తినలే. కాయితం మీద ఝూట్ రాసిన, అబద్దం రాసిన అన్నడు. తెల్లారి దీన్ని పట్కొని గడియారాల మియా దుకాన్‌కు పోయిండు. ఖరాబ్ ఏం లేదు సాబ్ అని మియా వాపస్ ఇస్తుండె. గప్పుడు ఈయన ఏమన్నడో ఎర్కేనా? బాగుజేసుడు గాదు భాయ్, నాలుగు గంటలల్ల పదమూడు నిమిషాలు ఎనుకవడేటట్టు చెయ్యి, నేను రాసింది నిజం గావాలె అన్నడు!"

నేను కూడా నవ్వాను. తర్వాత ఆ రెండు మార్చిలూ ఆలస్యంగా వచ్చిన బండిళ్లు గుర్తొచ్చి నవ్వు ఆగింది. ఆమె కూడా కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"నవ్వుతున్న గని, ఆయన పోయేదాక గా బాధ ఉండె బేటా. ఝూట్ రాసిన అని."

అప్పటికే వాకిట్లో ఆటో ఆగింది. ఆమె నన్ను ఈ ఆదివారమే ఎందుకు రమ్మందో అప్పుడు తెలిసింది. శిరీష అక్కను పట్టుకుని గడప దాటించింది. లావణ్య ఇప్పుడు నిజామాబాద్‌లో డిగ్రీ చదువుతోంది. కుర్చీలో కుదురుకుంటూ ఆమె ఆఖరి మాటలు విన్నట్టుంది. తువ్వాలు వైపు చూసింది, పెద్దామె వైపు చూసింది. గొంతు కదిలింది. శిరీష పెదవులు కూడా కదిలాయి. లావణ్య చేయి వణుకుతూ లేచింది, శిరీష నోరు మూసుకుంది.

మేము ముగ్గురం నేల వైపు చూస్తూ కూర్చున్నాం.

"ఝూట్... గాదమ్మా," అంది లావణ్య. "సారు... ముల్లు తిప్పంగ... నేను సూసిన. గా పదమూడు నిమిషాలు... నాయి. వాళ్లు... తీస్కున్నరు. సారు... వాపస్ ఇచ్చిండు."

పెద్దామె గడియారం మీద వదులైన తువ్వాలును జాగ్రత్తగా బిగించి నా ఒళ్లో పెట్టింది.

"బడిల ఇయ్యి బేటా. బాగుజేపియ్యొద్దని చెప్పు."